గేదె అండం 24 గంటల్లో చేసే పని

తమ్ముళ్ళూ! ఇంటర్ పరీక్షలో "ప్రోటీన్ సంశ్లేషణ వివరించండి" అని అడిగితే డి.ఎన్‌.ఏ. నుండి ఆర్‌.ఎన్‌.ఏ., దాని నుండి ప్రోటీన్ అని ఈ హాస్టల్ వరండాలో కూర్చుని నేనూ బట్టీ పట్టినవాణ్ణే. పశువైద్య కళాశాలలో చేరాక, కొత్త ఆర్‌.ఎన్‌.ఏ. దాదాపు తయారుకాకుండానే ప్రోటీన్లు తయారయ్యే చోటు ఒకటుందని తెలిసి ఆశ్చర్యపోయాను. అది పక్వమవుతున్న అండం.

కబేళా నుండి గేదె అండాశయాలను గోరువెచ్చని సెలైన్‌లో వేసి ఫ్లాస్కులో ప్రయోగశాలకు తెస్తారు. 2 నుండి 8 మి.మీ. పుటికల్లోని ద్రవాన్ని సూదితో లాగితే అండాలు దొరుకుతాయి. ఆవుతో పోలిస్తే గేదెలో తక్కువే దొరుకుతాయి, కాబట్టి ఒక్కటి పారేయాలన్నా మనసొప్పదు. వాటిని పోషక ద్రవంలో, 38.5 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డై ఆక్సైడ్‌లో సుమారు 24 గంటలు ఉంచుతారు.

ఈ అండం క్షయకరణ విభజన మొదలుపెట్టి, దూడ పుట్టకముందే మధ్యలో ఆగిపోయింది. పుటిక నుండి బయటికి తీస్తే తనంతట తానే మళ్ళీ మొదలుపెడుతుంది. కుందేలు అండాల్లో ఈ సంగతిని పింకస్, ఎంజ్‌మన్ 1935లోనే చూపించారు. అయితే పశువుల అండానికి ముందుగా కొన్ని కొత్త ప్రోటీన్లు కావాలి. ఎలా తెలిసిందంటే, ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ కలిపితే ఆవు అండంలో కేంద్రక త్వచం కరగదు. మందు కడిగేస్తే మళ్ళీ పని సాగుతుంది. ఎలుక అండంలో మాత్రం ఈ మందు ఉన్నా త్వచం కరిగిపోతుంది! ఎలుకలో చూసిందల్లా గేదెకు వర్తిస్తుందనుకోకూడదని మాకు అప్పుడే అర్థమైంది.

కావలసిన ప్రోటీన్లలో ముఖ్యమైనది సైక్లిన్-బి. ఇది సి.డి.కె.1 అనే ఎంజైముతో జతకడితేనే విభజన ముందుకు కదులుతుంది. మధ్యలో ఇది నశించి, మొదటి ధ్రువదేహం బయటపడి, మళ్ళీ తయారైతేనే అండం ఫలదీకరణకు సిద్ధంగా నిలుస్తుంది.

మరి ఆర్‌.ఎన్‌.ఏ. ఎక్కడిది? పెరిగే దశలోనే అండం దాన్ని తయారుచేసి దాచుకుంది. మన స్టోర్ రూమ్‌నే తీసుకోండి. ఇండెంట్ చీటీలు ముందే రాసి ఉన్నా వార్డెన్ సారు సంతకం పడనిదే బియ్యం బయటికి రావు కదా! ఇక్కడ ఆ సంతకం ఆర్‌.ఎన్‌.ఏ. చివరనున్న ఎడినైన్ తోక. తోక పొడవు పెరిగిన చీటీకే రైబోజోములు కదులుతాయి.

అసలు చిక్కు తరువాత ఉంది. ఆవుల్లో 100 అండాలు పెడితే 90 వరకు పక్వమవుతాయి, కానీ గర్భంలో పెట్టదగిన పిండాలయ్యేది 30, 40 మాత్రమే. గేదెల్లో ఇంకా తక్కువ. పిండం 8 నుండి 16 కణాలయ్యేదాకా ఎక్కువగా అండం దాచిన సరుకుతోనే బతకాలి. పైకి పక్వమైనట్లు కనిపించినా లోపల నిల్వ చాలకపోతే పిండం అక్కడే ఆగిపోతుంది.

అయినా దారి మూసుకుపోలేదు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1990లో 'ప్రథమ్' అనే గేదె దూడ ఈ పద్ధతిలోనే పుట్టింది. మా ఇంట్లో ఉన్న ఒక్క గేదె చూలు నిలవని ఏడాది నా పుస్తకాలకు డబ్బుల్లేవు. అందుకే ఆ దూడ గురించి చదివిన పేజీని రెండుసార్లు చదివాను.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు స్లైడ్లు తెస్తాను. మైక్రోస్కోపు మాత్రం మీ కాలేజీ సారునడిగి సిద్ధం చేసి ఉంచండి.