ఇల్లు బాగుచేయించునప్పుడు బాయిలరు స్థలము

పెరటిలో నిలిచియుండు రాగి బాయిలరు మన ఇండ్లకు చిరపరిచితము. నడుమ గొట్టము, దానిలో నిప్పు, చుట్టును నీరు. దాని పొగ ఆకాశమున కలిసిపోవుటచే ఎవరును దానిని గూర్చి ఆలోచింపలేదు. చిక్కు ఇల్లు బాగుచేయించునప్పుడు వచ్చును. పెరడు గదిగా మారును. స్నానాలగది ఇంటిలోనికి వచ్చును. బాయిలరు గాని, దాని బదులు వచ్చిన గ్యాస్ గీజరు గాని చోటు మారక తప్పదు. మేస్త్రీ పలకలను గూర్చియు, గొట్టముల పనివాడు కుళాయిలను గూర్చియు అడుగుదురు. గాలి ఎటునుండి వచ్చునని అడుగువారు అరుదు.

వంటగ్యాసు ఒక పాలు పూర్తిగా మండుటకు గాలి 25 నుండి 30 పాళ్లు కావలెను. మూసిన గదిలో అంత గాలి అందక మంట సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసు కారినచో తెలియుటకై దానిలో ఘాటైన పదార్థమును కలుపుదురు. మంటనుండి పుట్టు ఈ విషమునకు అట్టి హెచ్చరిక ఏదియు ఉండదు. బాయిలరు బొగ్గులు మరింత మోసకరములు. పొగ పోయినది గదా యని బాయిలరును లోపలికి తెచ్చుకొందురు. పొగలేక ఎఱ్ఱగా కనలు ఆ బొగ్గులే ఈ వాయువును విస్తారముగా విడుచును.

రక్తములోని హిమోగ్లోబిన్‌ను ఈ వాయువు ఆమ్లజని కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. మొదట తలనొప్పి, తల తిరుగుట, వికారము కలుగును. వేడినీటివలన కళ్లు తిరిగినవని స్నానము చేయువారు అనుకొందురు. ఇంతలో కాళ్లు పట్టు తప్పును. గడియ తీయవలెనని తోచినను చేయి లేవదు. పండుగనాటి తలంటి వేళ మరింత జాగ్రత్త అవసరము. ఒకరి తరువాత ఒకరు స్నానము చేయుచుండగా మంట ఆరదు, తలుపు మూయబడియే యుండును, విషము పేరుకొనును. చివర వెళ్లినవారికి ప్రమాదము ఎక్కువ. గర్భిణుల విషయమున కడుపులోని శిశువునకును హాని కలుగును.

కావున గ్యాస్ గీజరును స్నానాలగది గోడకు వెలుపల, గాలి ధారాళముగా ఆడు చోట బిగింపవలెను. వేడినీటి గొట్టము మాత్రమే లోపలికి రావలెను. గొట్టము పొడవైనచో నీరు చల్లారునని కొందరు జంకుదురు. గొట్టమునకు వేడిని నిలుపు తొడుగు వేసిన చాలును. పడకగది కిటికీ క్రింద దానిని పెట్టరాదు. తరువాత ఆ వసారాకు అద్దములు బిగించినచో అదియు మూసిన గదియే యగును. గీజరు ఉన్న గదిలో గాలిని బయటికి లాగు పంకా పెట్టిన చాలునను నమ్మకము సరికాదు. గాలి వచ్చుటకు వేరు దారి లేనిచో అది మండిన వాయువులనే గదిలోనికి తిరిగి లాగవచ్చును. గ్యాసు గొట్టమును మేస్త్రీచేత కలిపింపక, గ్యాసు పంపిణీదారు పంపిన పనివానిచేతనే కలిపింపవలెను. విద్యుత్ గీజరులో మంట లేదు గనుక ఈ విషభయము లేదు. దానికి సరియైన ఎర్తింగు ముఖ్యము.

లోపలివారు పలుకకున్నచో వెంటనే తలుపు తెరచి, వారిని బయటి గాలిలోనికి చేర్చి, గ్యాసు కట్టి, 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. ఆసుపత్రిలో ఆమ్లజని నిచ్చుటయే ప్రధాన చికిత్స. అయితే వ్రేలికి తగిలించు సామాన్యమైన కొలత పరికరము ఈ విషమును గుర్తింపలేదు, అంకె బాగున్నట్లే చూపవచ్చును. రోగి ఎట్టి గదినుండి వచ్చెనో, అక్కడ ఏమి మండుచుండెనో వైద్యునితో మొదటనే చెప్పవలెను.