తెగులు కాలంలో సంఘ జీవితం: లూథరన్ సంఘాల అనుభవం నుంచి ఒక పాఠం

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని అడిగినప్పుడు మా పీజీ సబ్జెక్టు జోలికి పోకుండా, మేము కళ్లారా చూసి తరువాత పుస్తకాల్లో వెతికి తెలుసుకున్న ఒక విషయం రాయాలనిపించింది. మన హాస్టల్లో ఆదివారం చర్చికి వెళ్లేవారున్నారు, శనివారం ఆంజనేయస్వామి గుడికి వెళ్లేవారున్నారు, ఎక్కడికీ వెళ్లకుండా దుప్పటి ముసుగుపెట్టి పడుకునేవారు అందరికంటే ఎక్కువమంది ఉన్నారు. కాబట్టి ఇది మతప్రచారం కాదని ముందే మనవి చేస్తున్నాం. నలుగురు ఒకచోట చేరకూడదని ప్రభుత్వం చెప్పినప్పుడు, నలుగురు చేరడం మీదే బతికే ఒక సంఘం ఏం చేసింది, ఎక్కడ తప్పు చేసింది, అందులో చదువుకున్న పిల్లలకు ఏ పని దొరికింది అన్నదే ఇక్కడ విషయం.

మాది గుంటూరు ప్రాంతంలో ఒక పల్లె. మా పల్లెలో ఉన్నది లూథరన్ గుడి. 1842 జూలై 31న హయ్యర్ అనే అమెరికన్ మిషనరీ గుంటూరు చేరడంతో మొదలైన ఆ పని, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా (ఏఈఎల్‌సీ) ఏర్పడింది. మా తాతల కాలం నుంచి మా వాళ్లకు బడి, గుడి, ఆసుపత్రి అనే మూడు మాటలూ ఆ సంఘంతోనే పరిచయం.

2020 మార్చిలో హాస్టళ్లు మూసి మమ్మల్ని ఇళ్లకు పంపారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. అవి శ్రమ దినాలు. ఏప్రిల్ 5 మట్టల ఆదివారం నాడు ఈతమట్టలు పట్టుకుని వీధిలో తిరిగే పిల్లలు లేరు. 10న శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధన లేదు. 12న ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలగలేదు. ఇలాంటి ఈస్టర్ తాము పుట్టి ఎరగమని పెద్దలు బాధపడ్డారు. మా పాదిరిగారికి ఏడు ఊళ్ల బాధ్యత, ఆయన ఉండేది టౌనులో. రావడానికి దారి లేదు.

అప్పుడు మేము, అంటే యువజనులం, ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. పాదిరిగారు పంపిన ప్రసంగం అందులో పెట్టేవాళ్లం, కీర్తనలు పెట్టేవాళ్లం. 34 మంది చేరారు. సంఘం నడుస్తూనే ఉందని మాకు మేమే సంతోషపడ్డాం.

మా గుడిలో తలుపు పక్కన చాప మీద ఎప్పుడూ ఒక పెద్దామె కూర్చునేది. వరసకు మాకు నాయనమ్మ. ఒంటరి మనిషి. ఏప్రిల్ నెలాఖరులో రేషన్ బియ్యం వరుసలో ఆమె కనబడకపోయేసరికి ఎవరో వెళ్లి తలుపు తోశారు. వారం రోజులుగా జ్వరం. పొయ్యి వెలిగించలేదు. కుండలో నీళ్లు కూడా అడుగంటాయి. అది కరోనానో కాదో మాకు ఇప్పటికీ తెలియదు, అదృష్టవశాత్తు ఆమె లేచింది. లేచాక మమ్మల్ని తిట్టలేదు. "గుడి ఉంటే ఆదివారం నేను రాలేదని తెలిసేది గదరా అబ్బాయిలూ" అన్నది.

ఆ మాటతో మాకు తల తిరిగినంత పనయింది. మేము ఆరాధన అంటే పాట, ప్రార్థన, ప్రసంగం, కానుక అనుకుంటున్నాం. అవన్నీ ఫోనులోకి ఎక్కించాం. గుడి చేసే మరో పని ఎవరూ రాసిపెట్టుకోనిది, హాజరు తీసుకోవడం. మన హాస్టల్లో రాత్రి వార్డెన్‌గారు పేర్లు పిలిచేటప్పుడు విసుక్కుంటాం గానీ, మంచం ఖాళీగా ఉందని తెలిసేది ఆ పిలుపుతోనే కదా. ఫోను లేనివాళ్లు, అంటే మా సంఘంలో సుమారు సగం మంది, ముఖ్యంగా ముసలివాళ్లు, మా గ్రూపుకు బయటే ఉండిపోయారు.

ఈ సందర్భంలో 1527లో జరిగిన సంగతి చెప్పాలి. ఇది మేము డిగ్రీలో చేరాక చదివాం, ముందే చదివి ఉంటే బాగుండేది. ఆ సంవత్సరం ఆగస్టులో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ పట్టణానికి ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని యేనా అనే ఊరికి తరలించారు. లూథరును కూడా వెళ్లిపొమ్మని ఆ దేశపు పాలకుడే ఆదేశించాడు. ఆయన వెళ్లలేదు. సంఘ కాపరి బుగెన్‌హాగెన్‌తో కలిసి అక్కడే ఉండిపోయాడు. లూథరు ఇల్లే ఆసుపత్రి అయింది. అప్పటికి ఆయన భార్య కాతరీనా గర్భవతి, చిన్న కొడుక్కు జబ్బు. పట్టణ మేయరు భార్య దాదాపు ఆయన చేతుల్లోనే చనిపోయింది.

అదే సమయంలో బ్రెస్లౌ (నేటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) పట్టణం నుంచి యోహాన్ హెస్ అనే బోధకుడు, తన తోటివారి తరఫున ఒక ప్రశ్న అడిగాడు: తెగులు వచ్చినప్పుడు క్రైస్తవుడు పారిపోవచ్చా? దానికి లూథరు రాసిన జవాబు చిన్న పుస్తకంగా అచ్చయింది. మతగ్రంథాల్లో ఇంత నేలమీద నడిచే పుస్తకం మేము చూడలేదు.

పారిపోవడం పాపమని ఆయన అనలేదు. ప్రాణభయం సహజమన్నాడు, అబ్రాహాము, దావీదు వంటివారు కూడా ప్రాణం కాపాడుకోవడానికి పారిపోయినవారేనని గుర్తుచేశాడు. అయితే ఎవరి చేతిలో ఇంకొకరి ప్రాణం పెట్టబడిందో వారు కదలకూడదు. బోధకుడు, మేయరు, న్యాయాధికారి, పట్టణ వైద్యుడు, తల్లిదండ్రులు, అనాథల సంరక్షకులు ఈ లెక్కలోకి వస్తారు. పక్కింట్లో రోగి ఉండి, చూసేవారు వేరే ఎవరూ లేకపోతే ఆ పక్కింటివాడు కూడా ఈ లెక్కలోకే వస్తాడు. తన బదులు సమర్థుడైన మరొకరిని పెట్టగలిగితే, లేదా ఏ బాధ్యతా లేకపోతే, వెళ్లడానికి స్వేచ్ఛ ఉంది. అందరి మీదా ఒకే బరువు పెట్టకూడదన్నది మాకు బాగా నచ్చిన మాట. ఎందుకంటే మా పల్లెలో ఆయాసం ఉన్న ఒకాయన ఇల్లు కదలకపోతే పిరికివాడని మేమే ఎగతాళి చేశాం.

రెండో వైపు ఆయన ఇంకా గట్టిగా మాట్లాడాడు. మందు వద్దు, దేవుడే చూసుకుంటాడు అనేవారిది విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడం అన్నాడు. మందులు వాడండి, ఇల్లూ వీధీ పొగవేసి శుభ్రం చేయండి, మీ అవసరం లేని చోటికి, అవసరం లేని మనుషుల దగ్గరికి పోకండి అని రాశాడు. తన వల్ల వేరొకరికి అంటి వారు చనిపోతే ఆ పాపం తనదేనని ఆయన లెక్క. రోగం దాచిపెట్టి జనంలో కలిసేవారిని తీవ్రంగా ఖండించాడు. శ్మశానాలు ఊరి బయట ఉంచమన్నాడు. సూక్ష్మజీవుల సంగతి లోకానికి తెలియడానికి 300 ఏళ్లకు పైగా ముందు రాసిన మాటలివి!

హాస్టల్ తమ్ముళ్లకు ఇది కొత్తేమీ కాదు. గదిలో ఒకడికి ఆటలమ్మ పోస్తే, అంతకుముందే పోసి తగ్గినవాడు అన్నం పళ్లెం తీసుకెళ్లేవాడు, మిగిలినవాళ్లం వరండాలో పడుకునేవాళ్లం. ఇద్దరిదీ సరైన పనే.

పెద్దామె సంగతి తరువాత మేము 200 పేజీల నోటుపుస్తకం ఒకటి కొన్నాం. గుడి రిజిస్టరు చూసి కుటుంబాల పేర్లు ఎక్కించాం. ఒక్కొక్కరికి ఐదిళ్లు. రోజూ సాయంత్రం వెళ్లి, గుమ్మం బయటే నిలబడి, పేరుపెట్టి పిలిచి, జవాబు విని రావాలి. జవాబు వినడం ముఖ్యం. మందులు అయిపోయినవారు, బీపీ, షుగరు ఉన్నవారు, ఒంటరివారు అని పక్కన గుర్తులు పెట్టాం. ఏఎన్ఎం అక్క ఆ పుస్తకం చూసి మా పల్లె వివరాలు అందులో నుంచే రాసుకుంది. ఇళ్లల్లో పదో తరగతి దాటిన మొదటివాళ్లం మేమే కాబట్టి ఫారాలు నింపడం, ఆర్డర్లు చదివి చెప్పడం కూడా మా మీదే పడింది.

ఆదివారం ఆరాధనకు పెద్దలు ఒక మార్గం కనిపెట్టారు. ఉదయం తొమ్మిదికి ఒకరే గుడిలోకి వెళ్లి, పాదిరిగారికి ఫోను చేసి, ఆ ఫోనును మైకు దగ్గర పెట్టేవారు. ఎవరి అరుగు మీద వారు కూర్చుని వినేవారు, పాడేవారు. స్మార్ట్ ఫోను అక్కర్లేదు, నెట్ బ్యాలెన్స్ అక్కర్లేదు. మా వాట్సాప్ గ్రూపు కంటే ఆ పాత మైకే ఎక్కువమందికి అందిందని ఒప్పుకోవాలి.

లోపల చేరి పాడితే ఏమవుతుందని కొందరు వాదించారు. 2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం చర్చి హాలులో రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చిన 61 మందిలో 53 మందికి జబ్బు చేసింది (33 మందికి పరీక్షలో తేలింది, 20 మందికి లక్షణాలను బట్టి), ఇద్దరు చనిపోయారు. మూసిన గదిలో పాట ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గమనించగలరు.

స్త్రీల సమాజంవారిది మరో పని. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేయడం మా ఇళ్లల్లో పాత అలవాటు, నెలకోసారి అవి గుడికి చేరతాయి. ఆ బియ్యం ఆ వేసవిలో మిరపకోతకు వచ్చి చిక్కుకుపోయిన వేరే జిల్లా కూలీలకు వెళ్లింది. వారిలో క్రైస్తవులు ఎందరని ఎవరూ అడగలేదు.

ప్రభుభోజన సంస్కారం విషయంలో మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. ఫోనులో పాదిరిగారు వాక్యం చదువుతుంటే ఇంట్లోనే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చు కదా అని యువజనులం, సంఘం కూడినప్పుడే తీసుకోవాలని పెద్దలు. ఈ చర్చ లోకంలోని లూథరన్ సంఘాల్లో చాలాచోట్ల జరిగిందని తరువాత తెలిసింది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఏడో అధికరణం ప్రకారం, సువార్త శుద్ధంగా బోధించబడి, సంస్కారాలు సరిగా ఇవ్వబడే విశ్వాసుల కూడికే సంఘం. ఆచారాలు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కర్లేదు. ఇద్దరూ ఆ అధికరణాన్నే చూపించవచ్చు! చివరికి మా వాళ్లు ఆగారు. 2020 జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం అనుమతించాక, పాదిరిగారు వచ్చిన మొదటి ఆదివారం ఒకే పాత్ర బదులు విడివిడి చిన్న కప్పుల్లో ఇచ్చారు. ఆగడమే మంచిదయిందని ఇప్పుడు మాకు అనిపిస్తుంది, ఆ రోజు పెద్దామె ఏడ్చిన ఏడుపు చూశాం కాబట్టి.

2021 ఏప్రిల్, మే నెలల గురించి ఎక్కువ రాయలేం. పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం జ్వరం సంగతి దాచి ఆరాధనకు వచ్చింది. ఆ తరువాత మూడు వారాల్లో మా సంఘంలో నలుగురు పోయారు. ఆ కుటుంబం వల్లనే అని నిరూపించలేం, నిందించడం కూడా మానేశాం, వారింట్లోనూ ఒకరు పోయారు. శవాన్ని ముట్టుకోవడానికి సొంత అన్నదమ్ములు భయపడ్డారు. అంతకుముందే జబ్బు వచ్చి తగ్గిన మాలో కొందరం ఆరోగ్య కేంద్రంవారు ఇచ్చిన సూట్లు వేసుకుని మోశాం. పాదిరిగారు జబ్బుతో ఉన్నందున సంఘ పెద్ద ఒకాయన దూరంగా నిలబడి ఆరాధన పుస్తకంలోని సమాధి క్రమం చదివారు. 1637లో ఐలెన్‌బుర్గ్ పట్టణంలో తెగులు వచ్చినప్పుడు మార్టిన్ రింకార్ట్ అనే లూథరన్ పాదిరి నాలుగు వేలకు పైగా సమాధి ఆరాధనలు జరిపించాడని, వారిలో ఆయన భార్య కూడా ఉందని చదివినప్పుడు, మాకు నాలుగుకే చేతులు వణికాయని గుర్తొచ్చింది.

టీకా వచ్చాక మరో తంటా. అది ప్రకటన గ్రంథంలోని మృగము ముద్ర అని ఒక వీడియో ఊరంతా తిరిగింది. మేము చెబితే "నాలుగక్షరాలు రాగానే మాకు చెప్పేవాళ్లయ్యారా" అన్నారు. పని చేసింది ఆడవాళ్ల మాట. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరుతో ఉన్న ఆసుపత్రి మా పల్లె ముసలివాళ్లకు బాగా ఎరుక. "ఆ దొరసాని సూది వేస్తే బతికాం గానీ చచ్చామా" అని మా సమాజం అధ్యక్షురాలు నలుగురిలో అడిగేసరికి వాదన ఆగిపోయింది. కుగ్లర్‌గారు 1930లోనే చనిపోయారు, ఆమె చేతి సూది వేయించుకున్నవారు మా పల్లెలో ఎవరూ లేరు. ఆ లెక్క ఎత్తి చూపించేంత తెలివితక్కువవాళ్లం కాదు మేము. మరునాడు గుడి ఆవరణలోనే శిబిరం పెట్టారు. పేర్లు మా నోటుపుస్తకం చూసే పిలిచాం.

ఆ పుస్తకం ఇప్పటికీ గుడి బీరువాలో ఉంది. ఏటా క్రిస్మస్ ముందు యువజనులు కూర్చుని పేర్లు సరిచూస్తారు. చనిపోయినవారి పేరు కొట్టేయరు, పక్కన తేదీ వేస్తారు. మొదటి పేజీలో మూడో వరుస ఆ పెద్దామెది. ఫోన్ నంబరు రాయాల్సిన గడిలో మాలో ఎవరో అప్పట్లో పెన్సిలుతో రాశారు: ఫోను లేదు, తలుపు కొట్టాలి.