సోషల్ మీడియా పోస్టులతో పరిశోధన: మొదటి అడుగు నుంచి

‘పోస్టు పబ్లిక్‌గానే ఉంది కదా, తీసుకుంటే తప్పేంటి?’ ఈ పనికి దిగేవాళ్లు ముందుగా అడిగేది ఇదే. 2016లో డెన్మార్క్ పరిశోధకులు కొందరు ఇదే మాట అన్నారు. ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైట్ నుంచి దాదాపు 70,000 మంది వివరాలను యూజర్ నేమ్‌లతో సహా బయటపెట్టి, అవన్నీ ముందే అందరికీ కనిపిస్తున్నవేనని సమర్థించుకున్నారు. తీవ్ర విమర్శలు వచ్చాక ఆ డేటాను తొలగించారు. నలుగురికీ కనిపించడం వేరు, వాడుకోమని అనుమతి ఇవ్వడం వేరు. ఈ తేడాను పట్టుకుని ఒక చిన్న పరిశోధనను వరుసగా చేసుకుంటూ వెళ్దాం.

మన ఉదాహరణ: పత్తి రైతులు ఫేస్‌బుక్‌లో గులాబీ రంగు పురుగు గురించి, దానివల్ల మీద పడే అప్పుల గురించి ఏం మాట్లాడుకుంటున్నారు?

కావలసినవి

- ఒక్క వాక్యంలో రాసుకున్న పరిశోధన ప్రశ్న.
- మీ విశ్వవిద్యాలయ ఎథిక్స్ కమిటీ దరఖాస్తు. కమిటీ లేకపోతే గైడ్‌తో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకున్న అంగీకారం.
- మీరు ఎంచుకున్న వేదిక తాజా నిబంధనలు. ఇవి తరచూ మారతాయి. 2023లో ట్విట్టర్ పరిశోధకులకు ఉచితంగా డేటా ఇవ్వడం ఆపేసింది. పాత థీసిస్‌లో చూసిన పద్ధతి ఇప్పుడు పనికిరాకపోవచ్చు.
- ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం (ఏఓఐఆర్) 2019 మార్గదర్శకాలు.
- పాస్‌వర్డ్ పెట్టిన ఫోల్డర్, మన నిర్ణయాలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్.

పద్ధతి

1. ప్రశ్న ముందు, డేటా తర్వాత. ‘ముందు అన్నీ దింపుకుందాం, తర్వాత చూద్దాం’ అనుకోవద్దు. ప్రశ్నకు ఏ వివరం ఎందుకు కావాలో నోట్‌బుక్‌లో రాద్దాం. కారణం రాయలేకపోయిన వివరాన్ని తీసుకోం.

2. చోటును చూద్దాం. ఎవరైనా చదవగల పేజీ, అడ్మిన్ ఒప్పుకుంటేనే చేర్చుకునే గ్రూపు ఒకటి కావు. గ్రూపులో రాసే రైతు తోటి రైతులతో మాట్లాడుతున్నాననుకుంటాడు. అక్కడ మనమెవరమో చెప్పి అడ్మిన్‌ను అడుగుదాం, సభ్యులందరికీ కనిపించేలా ఒక ప్రకటన పెడదాం. అడ్మిన్ సరేనన్నంత మాత్రాన సభ్యులందరూ ఒప్పుకున్నట్టు కాదు. వద్దన్నవారి పోస్టులు వదిలేద్దాం. రైతులా నటిస్తూ గ్రూపులో చేరనే వద్దు. జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెడిట్‌లో ఏఐ రాసిన వ్యాఖ్యలను మనుషులు రాసినట్టుగా పెట్టారు. 2025లో సంగతి బయటపడి పెద్ద దుమారం రేగడంతో ఫలితాలను ప్రచురించడం మానుకున్నారు.

3. కమిటీకి రాద్దాం. సేకరణ మొదలుపెట్టక ముందే. ‘యూజర్లు నిబంధనలకు ఓకే కొట్టారు’ అన్నది సమ్మతి కిందికి రాదు. 2014లో అచ్చయిన ఫేస్‌బుక్ భావోద్వేగాల అధ్యయనం 6,89,003 మంది న్యూస్ ఫీడ్‌ను వాళ్లకు చెప్పకుండా మార్చి చూసింది. దాన్ని ప్రచురించిన పత్రికే సమ్మతి విషయంలో ఆందోళన వ్యక్తం చేయాల్సి వచ్చింది.

4. చట్టం చూద్దాం. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టిన వివరాలకు వర్తించదు. పరిశోధనకూ షరతులతో మినహాయింపు ఉంది. ఇక్కడ ‘తనంతట తాను’ అన్న మాట ముఖ్యం. కొడుకు తండ్రి అప్పు కాగితాన్ని ఫొటో తీసి పెడితే, ఆ వివరం తండ్రిది, పెట్టింది కొడుకు. అలాంటివి పక్కన పెడదాం. చట్టం అడ్డురాలేదంటే పని సరైనదేనని అర్థం కాదు.

5. కావలసినంతే తీసుకుందాం. పట్టికలో మూడు గడులు చాలు: ఏ నెల, పోస్టు సారాంశం, అంశం. పేరు, ప్రొఫైల్ ఫొటో, నిమిషంతో సహా సమయం అక్కర్లేదు. ఫొటోల దగ్గర జాగ్రత్త. పురుగు పట్టిన కాయ పక్కనే పాస్‌బుక్, విత్తనాల బిల్లు, ఫోన్ నంబరు కనిపిస్తుంటాయి.

6. ఆనవాళ్లు చెరుపుదాం. పట్టికలో పేరుకు బదులు ప్రతి మనిషికీ ర1, ర2 అని గుర్తు ఇద్దాం. ఏ గుర్తు ఎవరిదో చెప్పే జాబితా తప్పనిసరైతే దాన్నీ, ఎనిమిదో దశలో చూసుకోవడానికి పోస్టుల లింకులనూ వేరే చోట దాచుదాం. పేరు తీసేస్తే సరిపోదు. ఇంటిపేరు, ఊరు, సర్వే నంబరు, ఎరువుల దుకాణం పేరు కలిస్తే మనిషి దొరికిపోతాడు. 2008లో ఒక అమెరికన్ కాలేజీ విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను పేర్లు తీసేసి, కాలేజీ పేరు దాచి విడుదల చేశారు. కోర్సుల జాబితా లాంటి ఆధారాలతో అది హార్వర్డ్ అని త్వరలోనే తేలిపోయింది.

7. మాటను వాడేముందు వెతుకుదాం. రైతు వాక్యాన్ని ఉన్నదున్నట్టు థీసిస్‌లో పెట్టాలనిపిస్తుంది. ముందు దాన్ని గూగుల్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ వెతుకుదాం. దొరికితే రెండే దారులు: రాసినవారిని అడగడం, లేదా అర్థం చెడకుండా మన మాటల్లో చెప్పడం. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసేవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో స్పెల్లింగ్ వాడతారు. ఆ స్పెల్లింగే మనిషిని పట్టిస్తుంది. యాస జిల్లాను చెప్పేస్తుంది. మార్చాక మళ్లీ ఒకసారి వెతకడం మరవద్దు.

8. చెరిపే తేదీ వేసుకుందాం. థీసిస్ సమర్పించే ముందు, పోస్టులు ఇంకా ఉన్నాయో లేదో చూద్దాం. రాసినవారు తీసేసినదాన్ని మనమూ తీసేద్దాం. పని పూర్తయ్యాక అసలు ఫైళ్లను ఎప్పుడు చెరుపుతామో కమిటీకి ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకుందాం.

తరచూ జరిగే పొరపాట్లు

- అనుబంధంలో పెట్టే స్క్రీన్‌షాట్లు. పైన పేరు మసకబారుస్తారు, కింద కామెంట్లో ‘ఫలానా అన్నా’ అన్న పిలుపు అలాగే ఉండిపోతుంది.
- సెమినార్ స్లైడ్లు. థీసిస్‌లో దాచిన పేరు ప్రెజెంటేషన్‌లో కనిపిస్తుంది. స్లైడ్లకూ ఇవే నియమాలు.
- ఆన్‌లైన్ సాధనాలు. అనువాదం కోసమో సారాంశం కోసమో ముడి పోస్టులను ఏఐ సాధనాల్లో అతికిస్తారు. ఆనవాళ్లు చెరపకముందు అది వద్దు.
- పిల్లల పోస్టులు. మన చట్టంలో 18 ఏళ్లు నిండనివారు పిల్లలే. వయసు మీద అనుమానం వస్తే వదిలేద్దాం.
- బాధను డేటాగా మాత్రమే చూడటం. అప్పుల మాటల మధ్య ‘బతకాలని లేదు’ అన్న పోస్టు ఎదురుకావచ్చు. అప్పుడు ఎవరికి చెప్పాలో, ఏం చేయాలో గైడ్‌తో ముందే నిర్ణయించుకుందాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను దగ్గర పెట్టుకుందాం.

మొదటే వందల పోస్టుల జోలికి పోవద్దు. కమిటీ అనుమతి వచ్చాక 20 పోస్టులతో 5, 6, 7 దశలు చేసి చూద్దాం. ఆ పట్టికను మన బృందంలోనే ఉన్న మరొకరికి ఇచ్చి, వీళ్లలో ఎవరినైనా కనిపెట్టగలవేమో చూడమందాం. ఒక్కరు దొరికినా ఆరో దశకు వెనక్కి వెళ్లాలి. ఎవరూ దొరక్కపోతే ఇరవై ఒకటో పోస్టు మొదలుపెట్టవచ్చు.