రేడియో చేసిన చేతులు

అటక మీద ఒక పాత రేడియో ఉంది. దుమ్ము పట్టింది. మనవరాలు దాన్ని కిందికి దించింది. వెనక అట్ట ఊడదీసింది. లోపల చిన్న చిన్న గాజు బుడ్లు కనిపించాయి.

"ఇవేంటి నాయనమ్మా?"

"అవి వాల్వులే తల్లీ. మీ తాతయ్య ఈ రేడియో కొన్న కొత్తలో దీపాల్లా వెలిగేవి. అవి వేడెక్కితేగానీ మాట వినపడేది కాదు."

"వీటిని ఎవరు చేశారు?"

నాయనమ్మ నవ్వింది. "ఎవరో పనివాళ్ళు చేసి ఉంటారు. మనకెట్లా తెలుస్తుంది?"

తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఆ పని జరుగుతున్నప్పుడు ఎవరైనా సినిమా తీసి ఉండాలి. ఆ సినిమా ఇప్పటిదాకా పాడవకుండా ఉండాలి. అలాంటి ఒక సినిమా కథ ఇది.

ఐండ్‌హోవెన్ ఫ్యాక్టరీ

యూరప్‌లో నెదర్లాండ్స్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ ఐండ్‌హోవెన్ అనే ఊళ్ళో 1891లో ఫిలిప్స్ కంపెనీ మొదలైంది. మొదట కరెంటు బల్బులు చేసేది. తర్వాత రేడియోలు కూడా చేసింది. ఆ కంపెనీ రేడియోలు మన దేశంలో కూడా అమ్ముడుపోయాయి.

ఆ కంపెనీ తన ఫ్యాక్టరీ గురించి ఒక సినిమా తీయించింది. తీసినవారు జోరిస్ ఐవెన్స్. ఆయనది కూడా నెదర్లాండ్సే. ఆ సినిమా 1931లో వచ్చింది. పేరు 'ఫిలిప్స్ రేడియో'. నిడివి అరగంటకు కొంచెం ఎక్కువ. ఆ దేశంలో శబ్దంతో వచ్చిన తొలి సినిమాల్లో అది ఒకటి.

అందులో కథ లేదు. హీరో లేడు. పనే కథ.

గాజు ఊదే పనివాళ్ళు కనిపిస్తారు. పొడుగాటి గొట్టం చివర ఎర్రగా కాలిన గాజు ముద్ద ఉంటుంది. గొట్టం నోట్లో పెట్టుకొని ఊదుతారు. వాళ్ళ బుగ్గలు బూరెల్లా ఉబ్బుతాయి. గాజు ముద్ద బుడ్డి అవుతుంది. ఇంకో చోట యంత్రాలే గాజు బుడ్లు చేస్తుంటాయి. మరో చోట కదిలే పట్టీ మీద సామాను వస్తూ ఉంటుంది. పనివాళ్ళు వరసగా కూర్చొని ఒక్కొక్కరు ఒక్కొక్క భాగం బిగిస్తారు. చివరికి అది రేడియో అవుతుంది.

సరుకు అమ్ముకోవడానికి కంపెనీకి ఆ సినిమా పనికొచ్చింది. మనకు ఇంకో విధంగా పనికొస్తుంది. 1947లో అమెరికాలో ట్రాన్సిస్టర్ కనిపెట్టారు. అది చిన్నది. తక్కువ కరెంటుతో పని చేస్తుంది. రేడియోల్లో వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. దానితో వాల్వులు చేసే పని తగ్గిపోయింది. ఐండ్‌హోవెన్‌లో కొన్ని పాత ఫ్యాక్టరీ భవనాలు ఇప్పుడు ఇళ్ళుగా, దుకాణాలుగా మారాయి. ఆ చేతులు ఎలా పని చేశాయో చూడాలంటే ఈ సినిమాయే దిక్కు.

అదే ఏడాది మన దగ్గర

అదే 1931లో బొంబాయిలో 'ఆలం ఆరా' వచ్చింది. అది మన దేశంలో మొదటి మాటల సినిమా. జనం విరగబడి చూశారు. ఇవాళ దాని కాపీ ఒక్కటి కూడా దొరకడం లేదు.

పేరున్న సినిమాకే అలా జరిగితే ఫ్యాక్టరీ సినిమాల గతి ఏమిటి? కంపెనీ కొత్త రకం రేడియో తెస్తుంది. పాత సినిమాతో దానికి పని ఉండదు. డబ్బాలు మూలన పడతాయి. డబ్బా మీద పేరు కూడా ఉండదు. లోపల ఏముందో తెలియక పారేస్తారు. పాత నలుపు తెలుపు ఫిల్ము మీద వెండి ఉంటుంది. ఆ వెండి కోసం ఎన్నో సినిమాలను కరిగించేశారు కూడా.

ఫిల్ము ఎందుకు పాడవుతుంది?

ఫిల్ము అంటే బొమ్మలున్న పొడుగాటి పట్టీ. సుమారు 1950 దాకా సినిమాలకు నైట్రేట్ ఫిల్ము ఎక్కువగా వాడేవారు. అది తుపాకి మందుకు దగ్గరి చుట్టం. ఒకసారి అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు.

తర్వాత ఎసిటేట్ ఫిల్ము వచ్చింది. దానికి అలా మంటలు లేవవు. అందరూ అమ్మయ్య అనుకున్నారు. కానీ దానికి ఇంకో జబ్బు ఉంది. ఎండకు, తేమకు లోపలే కుళ్ళుతుంది. డబ్బా తెరిస్తే ఘాటైన పులుపు వాసన వస్తుంది. వెనిగర్ వాసన లాంటిది. ఫిల్ము ముడుచుకుపోతుంది, పెళుసు బారుతుంది. ఈ సంగతి ఫిల్ము తయారుచేసిన అమెరికా కంపెనీకి మొదట తెలిసింది మన దేశం నుంచే. ఆ ఫిల్ము 1948లో వచ్చింది. పదేళ్ళు తిరగకుండానే మన ప్రభుత్వం దగ్గరున్న ఫిల్ము పాడైంది. మన ఎండ, మన తేమ అలాంటివి.

ఈ జబ్బు పట్టాక నయం కాదు. పైగా ఆ ఆవిరి పక్క డబ్బాలకు కూడా చెరుపు చేస్తుంది.

ఎలా కాపాడతారు?

వండిన కూర చలికాలంలో నిలవ ఉన్నట్టు ఎండాకాలంలో ఉండదు. ఫిల్ము కూడా అంతే. చల్లగా, పొడిగా ఉంచితే ఎక్కువ కాలం ఉంటుంది. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే పెద్ద ప్రభుత్వ గ్రంథాలయం ఉంది. దానికి కల్పెపర్ అనే ఊళ్ళో ఫిల్ము గదులు ఉన్నాయి. నైట్రేట్ ఫిల్మును అక్కడ సుమారు 4 డిగ్రీల చలిలో దాస్తారు.

పులుపు వాసన వచ్చే డబ్బాలను వేరే చోట పెడతారు. వాటికి త్వరగా కాపీ తీస్తారు. కంప్యూటర్‌లోకి కూడా ఎక్కిస్తారు. కానీ కంప్యూటర్ కూడా చెడిపోతుంది. అందుకే ఒక్క కాపీతో ఊరుకోరు. అసలు ఫిల్మును కూడా పారేయరు.

కొన్నిసార్లు ఒక్క మనిషి పట్టుదల చాలు. అమెరికాలో రిక్ ప్రెలింగర్ అనే ఆయన 1982లో ఈ పని మొదలుపెట్టారు. కంపెనీల సినిమాలు, బడి పాఠాల సినిమాలు, ఎవరూ అక్కర్లేదన్నవి ఏరి దాచారు. 1939లో ఆర్‌సిఏ కంపెనీ టెలివిజన్ గురించి తీయించిన సినిమా కూడా వాటిలో ఉంది. 2002లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ సినిమాలను తీసుకుంది.

మన దేశంలో సినిమాలు దాచడానికి 1964లో పూణేలో జాతీయ ఫిల్ము భాండారం పెట్టారు. 'ఆలం ఆరా' అప్పటికి 33 ఏళ్ళ పాతది.

'ఫిలిప్స్ రేడియో' మాత్రం నిలిచింది. 2008లో ఐవెన్స్ సినిమాలు డివిడిలుగా వచ్చాయి. వాటిలో ఇది కూడా ఉంది.

అయినా ఒక లోటు ఉంది. ఆ సినిమాలో గాజు ఊదేవాళ్ళ ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి. చెమట కూడా కనిపిస్తుంది. వాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు. ముఖం మిగిలింది, పేరు మిగల్లేదు.

నాయనమ్మ చేసిన పని

మనవరాలు ఇదంతా చదివి వినిపించింది. నాయనమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి ట్రంకు పెట్టె తెరిచింది. ఒక ఫోటో తీసింది. తాతయ్య కొత్త రేడియో పక్కన నిలబడి ఉన్నారు. ఫోటో వెనక్కి తిప్పి చూసింది. ఖాళీగా ఉంది.

"నేను పోతే ఈయనెవరో మీ పిల్లలకు తెలియదు గదే" అంది.

ఆమె నిరుడే రాయడం నేర్చుకుంది. పెన్సిలు తీసుకుంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ ఫోటో వెనక ఒక మూల తాతయ్య పేరు రాసింది. దాని కింద "రేడియో కొన్న రోజు" అని రాసింది.

ఆలోచించండి, చెప్పండి

1. కంపెనీ తన సరుకు కోసం తీయించిన సినిమా మనకెందుకు పనికొస్తుంది?
2. ఫిల్ము డబ్బాలో పులుపు వాసన వస్తే ఏం చేయాలి?
3. మీ ఊళ్ళో ఇప్పుడు లేని చేతిపని ఏది? అది చేసినవాళ్ళ పేర్లు చెప్పగలరా?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న పాత ఫోటోలు తీయండి. అందులో ఉన్నవారిని పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి. వెనక మెత్తటి పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా పేరు, ఊరు, ఏడాది రాయండి. తేమ తగలని చోట దాచండి.