ఇంజిన్ తిరగడం లేదా, అందుకోవడం లేదా?

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల నాటి డీజిల్ కారు. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, నాలుగైదు సార్లు మూలిగితే గానీ బండి స్టార్ట్ కాదు. ఒకసారి వేడెక్కాక రోజంతా ఏ ఇబ్బందీ లేదు. కిందటేడే కొత్త బ్యాటరీ వేయించాం. ఇప్పుడు ఒక మెకానిక్ సెల్ఫ్ మోటార్ మార్చాలంటున్నాడు, ఇంకొకాయన స్కానర్ పెట్టి చూసి ఇంజెక్టర్లు పోయాయంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడప్పుడే ఎవరి మాటా వినకండి. మీరు రాసినదాంట్లో గట్టి ఆధారం ఒక్కటే, సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరగడం. స్టార్టింగ్ ట్రబుల్ అని అందరూ ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు రకాలు. ఇంజిన్ తిరగాల్సినంత వేగంగా తిరగకపోవడం ఒకటి, గిర్రున తిరుగుతున్నా అందుకోకపోవడం రెండోది. మొదటిది దాదాపు ఎప్పుడూ కరెంటు వైపు లోపం: బ్యాటరీ, కేబుళ్లు, ఎర్త్, సెల్ఫ్ మోటార్. రెండోది ఎక్కువగా డీజిల్ వైపు లోపం: లైన్‌లో ఎయిర్ పట్టడం, ఫిల్టర్ మూసుకుపోవడం, హీటర్ ప్లగ్గులు కాలిపోవడం, ఇంజెక్టర్ల బ్యాక్ లీక్. మీది మొదటి రకం. ఏ రకమో తేల్చుకోకుండా సామాను మార్చడం మొదలుపెడితే ఖర్చుకి అంతుండదు, పైగా మూడో సామానుకి బండి బాగుపడినా లోపం ఎక్కడుందో మాత్రం తెలియదు.

స్కానర్‌లో రైల్ ప్రెషర్ తక్కువని వచ్చింది కదా అని మీ రెండో మెకానిక్ అనొచ్చు. వచ్చే ఉంటుంది. కామన్ రైల్ డీజిల్‌లో హై ప్రెషర్ పంపును తిప్పేది ఇంజినే. ఇంజిన్ నీరసంగా తిరిగితే పంపూ అలాగే తిరుగుతుంది, రైల్‌లో ఒత్తిడి లేవడానికి టైం పడుతుంది. ఆ ఒత్తిడి ఒక స్థాయికి వచ్చేదాకా ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. కాబట్టి స్కానర్ చెప్పింది అబద్ధం కాదు గానీ, అది పట్టుకున్నది పర్యవసానాన్ని. అదే స్కానర్‌లో సెల్ఫ్ కొడుతున్నప్పటి ఆర్‌పీఎం కూడా కనిపిస్తుంది, అది చూపించమని అడగండి. 200కి అటూ ఇటూ ఉంటే ఇంజెక్టర్ల మీద అనుమానపడటంలో అర్థముంది. 100 దగ్గరే కొట్టుమిట్టాడుతుంటే వాటి జోలికి వెళ్లాల్సిన పని లేదు.

ఇక బ్యాటరీ. కొత్తది కదా అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున తాళం పెట్టకముందే మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12.2 ఉందంటే సగమే చార్జింగ్ ఉన్నట్టు. కొత్త బ్యాటరీ అలా ఉండటానికి కారణాలు బ్యాటరీ బయటే ఉంటాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రాకపోతే ఆల్టర్నేటర్‌ని చూడాలి. ఆపేసిన బండిలో ఏదో ఒకటి కరెంటు లాగుతూ ఉండొచ్చు కూడా. తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమో, ట్రాకరో అర ఆంపియర్ లాగుతున్నా రెండు రోజుల్లో 24 ఏహెచ్ ఖాళీ అవుతుంది, 60 ఏహెచ్ బ్యాటరీలో అది నలభై శాతం. షాపువాడు ధర తగ్గించడానికి పెట్రోలు మోడల్‌కి వేసే చిన్న బ్యాటరీ పెట్టలేదు కదా అని కూడా ఓసారి లేబుల్ చదవండి. ఒకమాట: చలికి బ్యాటరీ పోయిందంటారు గానీ, మన వైపు దాన్ని తినేసేది ఎండ. మేలో దెబ్బతిన్నది డిసెంబరులో బయటపడుతుంది, అంతే.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా సెల్ఫ్ ఈడుస్తోందంటే, చాలామంది చూడకుండా వదిలేసే చోటు బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఉంది. లైట్లు బాగా వెలుగుతున్నాయి, హారన్ గట్టిగా మోగుతోంది, ఇక వైర్లలో లోపమేముంటుంది అని అభ్యంతరం వస్తుంది. లెక్క వేసి చూద్దాం. టెర్మినల్ దగ్గర చిలుము పట్టి ఓమ్‌లో వందో వంతు నిరోధం చేరిందనుకోండి. హెడ్‌లైట్లు లాగేది పది ఆంపియర్ల లోపు, అక్కడ పోయేది 0.1 వోల్టు, కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ మోటార్ లాగేది 200 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అప్పుడు అదే చిలుము రెండు వోల్టులు మింగేస్తుంది. కాబట్టి కొలత సెల్ఫ్ తిరుగుతున్నప్పుడే తీయాలి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ మీద ఉండాలి, తాళం ఇంకొకరు తిప్పాలి, మీ చెయ్యి ఫ్యాన్ బెల్టుకి దూరంగా ఉండాలి. ముందు బ్యాటరీ రెండు కొనల మధ్య చూడండి. 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనమైనా అయుండాలి, మోటారు అతిగా లాగుతున్నా లాగుతుండాలి. పదికి పైన నిలబడి కూడా ఇంజిన్ ఈడుస్తుంటే దారిలోనే పోతోందన్న అనుమానం బలపడుతుంది. ఇప్పుడు మీటర్ ఒక కొనను నెగటివ్ సీసం పోస్టు మీద, రెండో కొనను ఇంజిన్ మీద రంగు లేని ఇనుము మీద ఆనించండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ సంగతి చూడాల్సిందే. పాజిటివ్ పోస్టు నుంచి మోటారు మీది లావు బోల్టు దాకా అర వోల్టు వరకు సర్దుకోవచ్చు. ఆ బోల్టుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ తగలనివ్వకండి. ఇంకో సంగతి, మీటర్‌ను క్లాంపు మీద కాకుండా పోస్టు మీదే పెట్టాలి. చాలాసార్లు పోస్టుకీ, దాన్ని పట్టుకున్న క్లాంపుకీ మధ్యనే లోపం దొరుకుతుంది, బయటికి అంతా నిగనిగలాడుతున్నా సరే. ముందు నెగటివ్ విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, బ్రష్‌తో గీకి, ఆరాక బిగించి పైన వేజ్‌లైన్ రాస్తే సరిపోతుంది.

వేడెక్కాక బాగానే ఉంటోంది కదా, వైరు లోపమైతే ఎప్పుడూ ఉండాలిగా అనొచ్చు. ఎప్పుడూ ఉంటుంది. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, నష్టం కూడా అంతే పెరుగుతుంది. దీనికి తిరగబడ్డ లక్షణం, అంటే పొద్దున బాగుండి, హైవే మీద నడిచి ఆపాక ఈడవడం, సెల్ఫ్ మోటారు మీదికి వేలు చూపుతుంది. మీ మొదటి మెకానిక్ మాట అప్పుడు బలపడేది. తోస్తే వెంటనే అందుకుంటోందా అన్నదీ ఒక సాక్ష్యమే, డీజిల్ వైపు బాగుందని అర్థం. కొలతలన్నీ సరిగ్గా వచ్చాకే మోటారు విప్పించండి. విప్పినా చాలాసార్లు కార్బన్ బ్రష్‌లూ బుష్‌లూ మారిస్తే సరిపోతుంది, ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర అది మామూలు పని.

ప్రశ్న: మాది లంబసింగి దగ్గర. డీజిల్ జీపు సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది గానీ చలికాలం పొద్దున తెల్లటి పొగ వదిలి చాలాసేపటికి అందుకుంటుంది. బ్యాటరీ మార్చమంటారా?

జవాబు: వద్దు. మీది రెండో రకం. తెల్లటి పొగ అంటే కాలని డీజిల్ ఆవిరి, అంటే డీజిల్ సిలిండర్ దాకా వస్తోంది, కాలడానికి వేడి చాలడం లేదు. పొగే రాకపోతే ఎయిర్ పట్టిందేమో చూడమనేవాణ్ని. మీ ఊరి చలిలో ముందు హీటర్ ప్లగ్గులు చూడాలి. ప్లగ్గు పైని వైరు విప్పి, దాని కొనకీ ఇంజిన్‌కీ మధ్య ఓమ్‌లు చూడండి. ఒకటి రెండు ఓమ్‌ల లోపు వస్తే ప్లగ్గు తెగలేదు, మీటర్ అసలు కదలకపోతే కాలిపోయినట్టే. అన్నీ బాగుంటే రిలేకి కరెంటు వస్తోందో లేదో చూడాలి. ప్లగ్గులు మార్చేవాళ్లు మాత్రం ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, తుప్పు వదిలే ఆయిల్ పోసి కాసేపు ఆగి తిప్పాలి. చల్లటి ఇంజిన్‌లో బలవంతం చేస్తే ప్లగ్గు విరిగి హెడ్‌లోనే ఉండిపోతుంది, అప్పుడు హెడ్ దింపాల్సి రావచ్చు.