తిరుగబెట్టు కడుపుమంట – ఉపశయ పరీక్ష

ఒకప్పుడు గుణమిచ్చిన మందు, బాధ తిరుగబెట్టినపుడు పనిచేయకపోవుట ఇండ్లలో తరచుగా చూచు విషయమే. అప్పుడు చాలమంది ఆ మందునే మోతాదు పెంచి వాడుదురు. శొంఠి విషయమున ఇది మరీ హెచ్చు.

రోగమును తెలిసికొనుటకు మాధవనిదానము ఐదు మార్గములు చెప్పినది: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. వీనిలో ఉపశయము గృహస్థులకు మిక్కిలి అక్కరకు వచ్చునది. ఏ మందు, ఏ ఆహారము, ఏ నడవడి వలన సుఖము కలుగునో అది ఉపశయము. దేనివలన బాధ హెచ్చునో అది అనుపశయము. హెచ్చుట కూడ వైద్యునకు సాక్ష్యమే. గురుకులమున మా గురువుగారు నాడి పట్టుటకు ముందే "ఇంతవరకు ఏమేమి వాడితివి? దేనితో హెచ్చినది?" అని అడిగి తీరెడివారు.

ఒక గృహిణి మూడేండ్లుగా అజీర్తి తిరుగబెట్టుచున్నదని నావద్దకు వచ్చిరి. ప్రతిసారియు శొంఠికషాయమే. మొదటి ఏడు శ్రావణమున అది పనిచేసినది; అప్పటిది వానకాలపు మందాగ్ని, కడుపు బరువు, ఆకలిలేమి. తరువాతి రెండేండ్లు బాధ వచ్చినది ఆశ్వయుజమున, పుల్లత్రేన్పులతో, గొంతుమంటతో. వర్షర్తువున చేరిన పిత్తము శరత్తున ప్రకోపించును. శొంఠి ఉష్ణవీర్యము; అగ్నికి ఆజ్యము పోసినట్లయినది.

శొంఠి, ఆవకాయ, ప్రొద్దుపోయిన భోజనము మాన్పించి ధనియాల హిమము ఇచ్చితిని. నలుగగొట్టిన ధనియాలు ఒక భాగము, చన్నీరు ఆరు భాగములు. రాత్రి నానబెట్టి, ఉదయము వడగట్టి, కొంచెము పటికబెల్లముతో త్రాగవలెను. మధుమేహము గలవారికి పటికబెల్లము వలదు. పది దినములలో మంట తగ్గినది. నడుమ పుల్లపెరుగు తిన్ననాడు మాత్రము వచ్చినదని ఆమె కాగితముపై వ్రాసి తెచ్చిరి. అట్టి కాగితము పది ప్రశ్నలను తప్పించును.

మీరును బాధ వచ్చిన తేది, వేళ, తిన్నది, వాడినది, ఫలితము వ్రాసి వైద్యునకు చూపుడు. కీళ్లనొప్పులకు మింగు బిళ్లలను మరువక చేర్చుడు. వానిలో కొన్ని జీర్ణాశయమున పుండు చేయును. 1982లో మార్షల్, వారెన్ అను వైద్యులు గుర్తించిన హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవియు పుండునకు కారణమగును. దానికి పరీక్ష చేయించుకొనుటవలన ఆయుర్వేదమునకు వచ్చు తక్కువతనమేమియు లేదు.

మలము తారువలె నల్లబడినను, వాంతిలో రక్తము కనబడినను, మ్రింగుట కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను ధనియాల నీటితో కాలము గడపరాదు. ఛాతీమంటకు చెమటలు, ఎడమచేతి నొప్పి తోడైనచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను.