గణితాధ్యయనం - ఆకలి

శరీరశ్రమకూ ఆకలికీ గల సంబంధం అందరికీ తెలిసినదే. ప్రొద్దుటి నుంచి నాగలి పట్టిన రైతుకు, మూటలు మోసిన కూలికి మధ్యాహ్నమయ్యేసరికి కడుపు నకనకలాడుతుంది. కాని కదలకుండా ఒకేచోట కూర్చుండి లెక్కలు చేసే విద్యార్థికి కూడా విపరీతంగా ఆకలి వేస్తుంది. ఒక్కొక్కప్పుడు అదే విద్యార్థికి అన్నం మాటే గుర్తుండదు. పరస్పర విరుద్ధంగా తోచే ఈ రెండు స్థితులనూ అర్థం చేసుకోవడం చదువుకొనేవారికి అవసరం.

మనిషి మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతం మాత్రమే. అయినా విశ్రాంతి సమయంలో శరీరం వినియోగించే శక్తిలో దాదాపు 20 శాతం దానికే ఖర్చవుతుంది. రక్తంలోని గ్లూకోజు దానికి ప్రధానమైన ఇంధనం. కఠినమైన లెక్కలు చేసేటప్పుడు ఈ ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. అమెరికాకు చెందిన శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ బెనెడిక్ట్, ఆయన భార్య కార్నీలియా బెనెడిక్ట్ 1930 దశకం ఆరంభంలో కొందరిచేత నోటిలెక్కలు చేయించి, వారి శరీరాలు ఎంత శక్తిని వినియోగించాయో కొలిచారు. పెరుగుదల అత్యల్పమని తేలింది. ఒక గంట తీవ్రమైన మేధాశ్రమకు అదనంగా కావలసిన శక్తి వేరుశనగ పలుకులో సగం తింటే సమకూరుతుందని వారు లెక్కగట్టారు.

మరి పుస్తకం మూయగానే చిరుతిండి మీదికి మనసు పోవడానికి కారణమేమి? కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం దీనికి సమాధానం సూచిస్తుంది. 14 మంది విద్యార్థినులు మూడు వేర్వేరు సందర్భాలలో 45 నిమిషాల చొప్పున విశ్రాంతిగా కూర్చున్నారు, ఒక వ్యాసం చదివి సారాంశం రాశారు, కంప్యూటరుపై పరీక్షలు చేశారు. ప్రతిసారీ తరువాత ఇష్టమైనంత తినే అవకాశం ఇచ్చారు. మేధాశ్రమకు అదనంగా ఖర్చయినది సుమారు 3 కిలోకేలరీలే. కాని విశ్రాంతి తరువాత తిన్నదానికంటే సారాంశం రాసిన తరువాత 203, పరీక్షల తరువాత 253 కిలోకేలరీలు ఎక్కువగా తిన్నారు. మేధాశ్రమ వేళ రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ స్థాయులు ఎక్కువగా హెచ్చుతగ్గులకు లోనయ్యాయి. ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ పెరిగింది. కాబట్టి చదివిన తరువాత కలిగే ఆకలికి శక్తి తరిగిపోవడం కంటే ఈ ఒడిదుడుకులే ముఖ్యకారణమని భావించవచ్చు.

ఏకాగ్రత పరాకాష్ఠకు చేరినప్పుడు మాత్రం ఆకలి స్పృహే ఉండదు. కుంభకోణంలో పెరిగిన గణితమేధావి శ్రీనివాస రామానుజన్ లెక్కలలో మునిగి ఉన్నప్పుడు, పని ఆగకుండా తల్లి కోమలతమ్మాళ్, భార్య జానకి అన్నం కలిపి ఆయన చేతికి అందించేవారు. 1914లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడ అన్నం కలిపి ఇచ్చేవారు లేరు. శాకాహార నియమం విడువక తన వంట తానే చేసుకొనేవారు. అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఆహారపదార్థాలకు కొరత ఏర్పడింది. పనిలో పడితే భోజనానికి వేళాపాళా ఉండేది కాదు. 1917లో తీవ్రమైన అనారోగ్యానికి గురై, 1919లో స్వదేశం చేరి, 1920లో 32 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. ఆయన వ్యాధి ఏమిటన్న విషయంలో వైద్యులకు ఏకాభిప్రాయం లేదు. అయినా వేళకు భోజనం లేని ఆ సంవత్సరాలు ఆయన ఆరోగ్యానికి మేలు చేయలేదన్నది స్పష్టం.

పరీక్షల రోజులలో కొందరు విద్యార్థులు అన్నం మానివేస్తారు. మరికొందరు పుస్తకం పక్కన పొట్లం పెట్టుకొని ఎంత తిన్నదీ తెలియకుండా తింటారు. రెండూ హానికరమే. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం, బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మేధాశ్రమ తరువాత 15 నిమిషాలు వ్యాయామం చేసినవారు ఊరకే కూర్చున్నవారికంటే తక్కువ తిన్నారు. అందువల్ల ఆకలి లేకపోయినా వేళకు భోజనం చేయడం, చదువు ముగియగానే ఆకలి అనిపిస్తే ముందు కొంతసేపు నడవడం మంచి అలవాట్లు. ఎంతటి క్లిష్టమైన లెక్క అయినా భోజనం చేసి వచ్చేదాకా కాగితం మీద నిలిచే ఉంటుంది.

అభ్యాసం

1. మేధాశ్రమకు అదనంగా ఖర్చయ్యే శక్తి స్వల్పమని ఎట్లా నిరూపితమైంది?
2. చదివిన తరువాత ఆకలి పెరగడానికి కారణాలను వివరించండి.
3. రామానుజన్ జీవితం నుంచి విద్యార్థులు గ్రహించవలసినదేమిటి?